ముందు నీళ్ళు చూడు

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళినవారు గోదావరిలో మునిగి, స్వామిని సేవించుకుని తిరిగి వచ్చేస్తారు. అడవిలోంచి వచ్చే కిన్నెరసానిని చూసేవారు తక్కువ. బూర్గంపాడు దగ్గర అది గోదావరిలో కలుస్తుంది. చైత్రంలో నీరు తగ్గి మడుగులు తేటపడతాయి. గాలం వేసేవాడికి అంతకన్న మంచి రోజులేవి?

ఒక ఏడు నేనూ మెరిసే రేకు చేపలు, నైలాను తాడు, చక్రం బిగించిన కర్ర పట్టుకెళ్ళాను. ఒడ్డున కూర్చున్న కోయ పెద్దాయన వాటిని చూసి నవ్వాడు.

"ముందు నీళ్ళు చూడు బాబూ. గాలం సంగతి తర్వాత."

ఆయన లెక్క ఇది: పైనీళ్ళలో మేసే బొచ్చెకు బెండు, చిన్న గాలం, తవుడు ముద్ద. అడుగున తిరిగే జెల్లకు సీసపు గుండు, వానపాము. వాలుగకు పళ్ళెక్కువ గనక గాలం దగ్గర జానెడు తీగ కట్టాలి. ఎర చిన్న చేప. నాచు మడుగులో కొర్రమీనుకు కప్ప.

అంతలో నాచు పక్కనే పెద్ద కొర్రమీను కదిలింది. నేను కర్ర ఎత్తాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాని పైన చూడు."

నీటిమీద ఎర్రగా పిల్లల మంద! కొర్రమీను పిల్లలను కాపలా కాస్తుంది. దగ్గరకు ఏది వచ్చినా కరుస్తుంది, ఆకలితో కాదు.

"ఇప్పుడు పట్టడం నేర్పు కాదు బాబూ. అది పోతే ఈ మందకు దిక్కెవరు?"

తాడు చుట్టేశాను. నేడు తెలంగాణ రాష్ట్ర చేప ఆ కొర్రమీనే. ఆ రాత్రి మా భోజనం మాత్రం పప్పుచారే!