లీజు తీరాక ఏం మిగులుతుంది?

సియెమ్ రీప్, కంబోడియా

అన్నయ్యకి,

పరాయి దేశంలో హోటల్ పెట్టి, లాభంతో పాటు ఆ ఊరికీ మేలు చేయొచ్చా అన్న నీ ప్రశ్నకి ఈ ఊరు మంచి పరీక్ష. 2019లో ఆంగ్‌కోర్ ఆలయాలు చూడడానికి 22 లక్షల మంది విదేశీయులు టిక్కెట్లు కొన్నారు. వాళ్ల కోసం వెలిసిన హోటళ్లలో బయటి దేశాలవాళ్లు పెట్టినవి చాలానే ఉన్నాయి. ఊరిని ఉద్ధరిస్తున్నామని చెప్పుకునేవాటికీ కొదవలేదు. ఆ మాట ఎంత నిజమో తేల్చడానికి యజమాని ఇచ్చిన విరాళాల చిట్టా పనికిరాదు. ఆయన వెళ్లిపోయాక ఊరివాళ్ల చేతిలో ఏం మిగులుతుందో చూడాలి. కంబోడియా రాజ్యాంగం విదేశీయుణ్ణి భూమి కొననివ్వదు, లీజుకి తీసుకోవాల్సిందే. కాబట్టి ఎంత మంచివాడైనా ఒకనాటికి తాళాలు అప్పగించి పోవాల్సినవాడే.

విరాళం ఎందుకు చాలదో ఇక్కడి అనాథాశ్రమాలే చెబుతాయి. 2005-2010 మధ్య వాటి సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ లెక్క. ఆ పిల్లల్లో ముప్పాతిక మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పర్యాటకుల జాలి డబ్బుగా మారేసరికి, పేదింటి పిల్లలు ఆశ్రమాలకి చేరారు. అతిథుల్ని అక్కడికి తిప్పి చూపించిన హోటలుకి, ఎంత సదుద్దేశమున్నా, ఆ పాపంలో వాటా ఉంది. అలాగని ఇవ్వడమే తప్పనను. ఆంగ్‌కోర్ ఒకరోజు టిక్కెట్టు 37 డాలర్లు, అందులో 2 డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకి పోతాయి. ఆ సొమ్ము ధరలోనే కలిసి ఉంది, ఎవరికో జాలి కలిగేదాకా ఆగక్కర్లేదు. దివిసీమలో 1977 ఉప్పెన తర్వాత వచ్చిన సాయంలోనూ పంచిన బట్టలు ఎప్పుడో చిరిగిపోయాయి, కట్టిన పక్కా ఇళ్లు నిలిచాయి.

నీ తమ్ముడు

ఫ్నోమ్ పెన్

అన్నయ్యకి,

నిలిచేవి రెండున్నాయి: పనితనం, వాటా. సియెమ్ రీప్‌లో ఒక ఫ్రెంచి స్వచ్ఛంద సంస్థ 2002లో సాలా బాయ్ అనే హోటల్ స్కూలు పెట్టింది. పేద కుటుంబాల పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, వంట, వడ్డన, గదులు సర్దడం, రిసెప్షన్ పనులు ఉచితంగా నేర్పుతుంది. అదే ఊళ్లో సోరియా మోరియా అనే హోటల్‌ని నార్వే నుంచి వచ్చినవాళ్లు పెట్టారు. 2011లో అందులో సగానికి పైగా వాటాలు ఉద్యోగుల చేతికొచ్చాయి. పని నేర్పితే పక్క హోటలుకి పోతారని వ్యాపారులు అంటారు. పోతారు, నిజమే. కానీ ఆ నష్టం ఒక్క యజమానిది, లాభం ఊరందరిది. అందుకే నేర్పే ఖర్చు ఒక్కరే మోయకుండా నాలుగు హోటళ్లూ కలిసి ఒక స్కూలుని పోషించడం మేలు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది. 2020లో కరోనా దెబ్బకి ఆంగ్‌కోర్ టిక్కెట్లు 4 లక్షలకి పడిపోయాయి. అతిథులే రాని హోటల్లో వాటా ఉంటే కూడు పెడుతుందా? పెట్టదు. పైగా నష్టంలోనూ భాగం పంచుకోమంటుంది. అయితే దీనివల్ల వాటా ఇవ్వకూడదని తేలదు, వాటా ఒక్కటే చాలదని తేలుతుంది. సీజన్ బాగున్నప్పుడే కొన్ని నెలల జీతాలకి సరిపడా డబ్బు పక్కన పెట్టాలి. బ్యాంకు వాయిదా ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం. లాభం తగ్గుతుందని భాగస్వాములు గొణుగుతారు. జీతాలు ఎగ్గొడితే తప్ప నిలబడని హోటలుకి లాభం ఉందనడమే తప్పుడు లెక్క.

యజమాని వెళ్లిపోయాక ఏం మిగులుతుందన్న ఈ కొలత విదేశాలకే కాదు. రేపు మన దివిసీమలో హంసలదీవి దగ్గర బెజవాడ నుంచో హైదరాబాదు నుంచో వచ్చి రిసార్టు కట్టేవాడూ అక్కడి జాలర్లకి పరాయివాడే. గుడికి రంగులు వేయించాడా అని అడిగే ముందు, చేపలు ఎవరి దగ్గర కొంటున్నాడు, మేనేజరు కుర్చీలో నాగాయలంక, కోడూరు పిల్లల్ని ఎన్నేళ్లలో కూర్చోబెడతాడు అని అడగాలి. నువ్వు ఏ దేశంలో పెట్టినా ఈ షరతులు భాగస్వామ్య పత్రంలోనే రాయించు. మంచి మనసు మీద వదిలేస్తే, మొదటి నష్టం వచ్చిన ఏడాదే కొట్టేసే ఖర్చు అదే అవుతుంది.

నీ తమ్ముడు