టిఫిన్ డబ్బా డీజే

ఐటీ అనగానే లక్షల జీతం అనుకుంటారు. అద్దె, పెళ్లి అప్పు ఈఎంఐ పోగా నాకు మిగిలేదానికి డీజే గేర్ అనే మాటే ఎక్కువ. కానీ చెల్లి వింటేగా! "అన్నా, నా బరాత్‌లో తీన్మార్ నువ్వే కొట్టాలె" అని కూర్చుంది.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి పెట్టలేదు. మిక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఫ్రీ. కంట్రోలర్ నేనే చేశా. ఇక్కడో కిటుకుంది: ఆర్డుయినో ఊనో కాకుండా లియొనార్డో తీసుకోండి. దాని చిప్‌లోనే యూఎస్‌బీ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ నేరుగా మిడి పరికరంగా గుర్తిస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో 10 కిలో ఓమ్‌ల స్లైడర్లు, బటన్లు ఏరుకొచ్చా. బాడీ? పాత టిఫిన్ డబ్బా. నవ్వకండి, గట్టిగానే ఉంది.

పిసినారితనం పనికిరానిది హెడ్‌ఫోన్స్ దగ్గరే. తర్వాతి పాట మనకొక్కరికే వినబడాలి, ల్యాప్‌టాప్‌కేమో ఒకటే జాక్. అందుకే ఇంకో చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొన్నా. జాగ్ వీల్ సొంతంగా చేయడం మాత్రం దండగ. స్క్రాచింగ్ కావాలంటే సెకండ్ హ్యాండ్ కంట్రోలరే మేలు. డబ్బులిచ్చే ముందు ప్రతి ఫేడర్‌నీ మెల్లగా జరిపి, స్క్రీన్ మీద దూకుతోందేమో చూడండి.

నాన్నకి ఇదంతా పిల్లల ఆటే. మొన్న రాత్రి మాత్రం తలుపు దగ్గర నిలబడి "ఆ డప్పు ఇంకోసారి పెట్టు" అన్నాడు.