రోగి రహస్యము

వైద్యునికడ రోగమును దాచరాదని పెద్దలు చెప్పుదురు. మంచి మాటయే. కాని చెప్పిన సంగతి ఆ గది గడప దాటదను నమ్మకము లేనిచో నెవరు మాత్రము నోరు విప్పుదురు? అందును స్త్రీలమగు మనము, మన దేహమునుగూర్చి యొరులతో మాటాడుటకే జంకువారము, ఎట్లు చెప్పగలము?

ఈ ధర్మము క్రొత్తది కాదు. చరకసంహితయందలి విమానస్థానమున గురువు శిష్యునకు చేయు నుపదేశములలో, రోగి యింటి సంగతులను వెలుపల చెప్పరాదనునదియు నొకటి. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన ప్రతిజ్ఞయందును అట్టి నియమమే కలదు.

ఇక నేటి ఆసుపత్రులను జూడుడు. పెక్కుచోట్ల డాక్టరుగారి బల్లచుట్టు నలుగురైదుగురు రోగు లొక్కమారే నిలిచియుందురు. "ముట్టు సరిగా వచ్చుచున్నదా? ఇంతకుముందు గర్భమేమైన పోయినదా?" అని అందరు వినుచుండగనే ప్రశ్న. వెనుక నిలిచినది పొరుగింటి యిల్లాలు కావచ్చును. ప్రక్కన నున్నది అత్తగారు కావచ్చును. పాపము, ఆమె తెల్లబట్టయని చెప్పలేక నడుమునొప్పి యని చెప్పును. నడుమునొప్పికే మందు వ్రాయబడును. అసలు రోగము లోలోపల ముదురును. రహస్యము నిలువనిచోట వైద్యమును నిలువదు.

చట్టము రోగి పక్షముననే యున్నది. 2002లో వెలువడిన వైద్యుల ప్రవర్తన నియమావళి రోగి రహస్యమును కాపాడుమని విధించెను. హెచ్.ఐ.వి. సోకినవారి సంగతిని, కోర్టు ఉత్తరువువంటి కారణములకు దప్ప, వారి సమ్మతి లేక వెల్లడింపరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. గర్భస్రావ చట్టమునకు 2021లో జరిగిన సవరణ ప్రకారము, అట్టి చికిత్స పొందిన స్త్రీ పేరును అనర్హులకు తెలిపిన వైద్యునకు ఒక సంవత్సరమువరకు ఖైదుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. క్షయరోగులను గూర్చి వైద్యులు ప్రభుత్వమునకు తెలుపవలెనని 2012లో ఉత్తరువైనది నిజమే. అది చికిత్సకొఱకు గాని, వీథివారి ముచ్చటకొఱకు గాదు.

అయితే చట్టము వైద్యుని నోటిని కట్టగలదు. మన నోళ్లనెవరు కట్టుదురు? పరామర్శకు పోయినవారు "ఏమి జబ్బు? ఏ పరీక్షలు చేసిరి?" అని గ్రుచ్చి గ్రుచ్చి యడుగుట ఆప్యాయత కానేరదు. కోడలి రిపోర్టును సెల్‌ఫోనులో ఫొటో తీసి బంధువులకెల్ల పంపుట అంతకన్న తప్పు. రిపోర్టు ఎవరి దేహమునకు సంబంధించినదో వారి సొత్తే యది.

సోదరీమణులారా! ఆసుపత్రికి పోయినపుడు "డాక్టరుగారూ, ఈ సంగతి మీతో విడిగా చెప్పుకొనవలెను" అని యడుగుటకు జంకవలదు. అది మీ హక్కు. మీ కూతురో కోడలో వైద్యురాలి యెదుట కూర్చున్నపుడు, ఆమె కోరినచో మీరే లేచి వెలుపలికి రండు. ఆమె చెప్పినది తెలిసికొన్నచో, మీ కడుపులోనే యుంచుకొనుడు.