చల్లబడ్డాకే వినిపించే చప్పుడు

జనవరి 5, కరీంనగర్

పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ టిక్. రేస్ ఇస్తే చప్పుడూ జోరందుకుంటోంది. బండి పాతదే. ఏపీ 15 నంబరు మారుతి 800; మూడు సిలిండర్లు, 796 సీసీ. చప్పుళ్లు దానికి అలవాటే గానీ ఇది మాత్రం కొత్తది. మానేరు డ్యాం దాకా పోయేసరికి మాయం.

డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ పై గీత దగ్గరే ఉంది. ఆయిల్ తగ్గితే ముందుగా మొత్తుకునేవి వాల్వులను కదిలించే టాపెట్లే. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష కూడా.

జనవరి 7

షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ కాగింది, చప్పుడు పోయింది. "టాపెట్లే సార్, సెట్ చేస్త" అన్నాడు మెకానిక్, ఒక్క టిక్కు కూడా వినకుండానే. ఫీలర్ గేజ్ పెట్టి స్క్రూలు సరిచేశాడు. డబ్బులు తీసుకున్నాడు.

జనవరి 8

మళ్లీ అదే టిక్ టిక్.

జనవరి 10, దారిలో

ఆదిలాబాద్‌లో అక్క వాళ్లింటికి. కొండగట్టు దగ్గర ఎవరిదో కొత్త కారు, టైర్ల కింద నిమ్మకాయలు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కాం. బేరింగ్ పోయిందేమోనని ఒక భయం ఉండేది. అదే అయితే ఇంజిన్ మీద బరువు పడే ఈ ఎక్కుడులోనే దబదబ కొట్టాలి. కిక్కురుమనలేదు. ఇచ్చోడలో చాయ్ తాగాం.

జనవరి 11, ఆదిలాబాద్

ఇక్కడి చలి చలే. బానెట్ మీద మంచు నీళ్లు కారుతున్నాయి. స్టార్ట్ చేస్తే చప్పుడు ఇంతకుముందు కంటే గట్టిగా వచ్చింది, చాలాసేపటిదాకా పోలేదు. అక్క కిటికీ తెరిచి "ఏందిరా అది?" అంది.

బావ చెప్పిన మెకానిక్ పెద్దాయన. బానెట్ ఎత్తకముందే అడిగాడు: "ఎప్పుడొస్తది సాబ్? ఠండాగున్నప్పుడా, గరమైనంక కూడనా?" చెప్పాను. "అయితే బండి ఈడనే ఇడిసి పోండి. పొద్దుగాల మీరొచ్చేదాక చాబీ ముట్ట." ఆ ఒక్క మాటతో ఆయన మీద గురి కుదిరింది.

జనవరి 12

ఏడింటికి వెళ్లాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి, కొసను టాపెట్ కవర్ మీద పెట్టాడు. "ఇది సాఫ్." పొగ గొట్టం ఇంజిన్‌కు కలిసే చోటికి, మానిఫోల్డ్ వైపుకు జరిపాడు. వెంటనే తల వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత పొడి గుడ్డతో ప్లగ్గు వైర్లు ఒక్కోటి పీకి పెట్టాడు, ఒక్కో క్షణమే. మొదటిది పీకితే ఇంజిన్ వణికింది, టిక్కు మాత్రం పోలేదు. మూడోది పీకగానే టిక్కు ఆగింది. పెట్టగానే మొదలైంది. టాపెట్‌దైతే వైరు పీకినా కొడుతూనే ఉండాలి. ఇది ఆ సిలిండర్‌లో మంట పుడితేనే వస్తోంది.

టార్చి వేసి చూపించాడు. ప్యాకింగ్ అంచున, కాటుక గీత గీసినట్టు సన్నటి మసి. పక్కనే తల విరిగిన స్టడ్డు. పొగ అక్కడ సందు చేసుకుని చిమ్ముతోంది. ఇంజిన్ కాగితే ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. షెడ్డుకు పోయేసరికి బండి మంచిదైపోవడం అందుకే.

టాపెట్ అనుకోవడానికీ కారణం లేకపోలేదు. ఎగ్జాస్ట్ వాల్వు ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి తెరుచుకుంటుంది. వదులైన టాపెట్ కొట్టేదీ అదే లెక్కన. నిమిషానికి 800 చుట్లయితే రెండూ 400 సార్లే కొడతాయి. తాళం ఒక్కటే గనక చెవితో తేడా పట్టడం కష్టం. అయినా చప్పుడు వినకుండా స్క్రూలు తిప్పడం వైద్యం కాదు.

జనవరి 13

రేపు సంక్రాంతి. షెడ్డు కుర్రాళ్ల కళ్లు గాలిపటాల మీదే. విరిగిన స్టడ్డుకు నట్టు వెల్డింగ్ చేసి తిప్పి తీశారు. కొత్త ప్యాకింగ్, కొత్త స్టడ్డు. నట్లు నడిమి నుంచి చివరలకు బిగించారు. "నాలుగు రోజులు నడిపినంక, ఠండాగున్నప్పుడు ఇంకోసారి బిగించుకోండి."

జనవరి 19, కరీంనగర్

బిగించాను. చప్పుడు లేదు. పొద్దున టిక్కుమని, కాగాక ఊరుకునే బండి మీకూ ఉంటే, వేడెక్కాక పోతోంది కదా అని వదిలేయకండి. రాత్రే షెడ్డులో వదిలి, మెకానిక్‌ను తెల్లారి స్టార్ట్ చేయమనండి. ఆ సందులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, చలికి మనం అద్దాలెత్తుకుని కూర్చుంటాం.