మన రియల్టర్‌కు వద్దని చెప్పడం

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు తెలుగువాళ్లు ఇల్లు అమ్ముతున్నారంటే రియల్టర్ కూడా చాలాసార్లు తెలుగువారే అయివుంటారు. వ్రతాలకు పిలుచుకునేవాళ్లం, పిల్లల్ని ఒకే కూచిపూడి క్లాసుకు పంపేవాళ్లం. ఇల్లు త్వరగా అమ్ముడైతే ఆ పరిచయం ఇంకా గట్టిపడుతుంది. అమ్ముడుపోకపోతే మాత్రం, ఒప్పందం మధ్యలో ఆపేద్దామని చెప్పడానికి నోరు పెగలదు. మా వారి ఉద్యోగం ఆస్టిన్‌కు మారినప్పుడు మాకూ ఆ ఇబ్బంది ఎదురైంది. మా రియల్టర్‌ను నేను అన్నయ్యా అని పిలుస్తాను.

ఇంటి ఫోటోలు మబ్బుపట్టిన సాయంత్రం తీసినవి. తూర్పు వాకిలి ఇల్లు, హాల్లోకి పొద్దున ఎంత వెలుతురు వస్తుందో వాటిలో తెలియదు. చూసివెళ్లినవాళ్లు ఏమన్నారో మాకు చేరేది కాదు. అడిగితే ధర తగ్గిద్దామనేవారు. మనిషి మంచివాడే. చేతిలో మరీ ఎక్కువ ఇళ్లు పెట్టుకున్నారు.

హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మాలంటే నలుగురు బ్రోకర్లకు చెబుతాం. పార్టీని తెచ్చినవాళ్లకే కమీషన్. ఇక్కడ సాధారణంగా సంతకం పెట్టేది ‘ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్’ అనే ఒప్పందం మీద. గడువు లోపల ఆ ఇంటిని మన ఆఫీసులో పక్క సీటతనే కొన్నా లిస్టింగ్ బ్రోకర్‌కు కమీషన్ ఇవ్వాలి. 6 లక్షల డాలర్ల ఇంటికి 3 శాతమంటే 18,000 డాలర్లు. గడువుకు ముందే మనంతట మనం తప్పుకుంటే ఆ సొమ్ము కోసం బ్రోకర్ దావా వేసే వీలుంది. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సుల సంగతి చూస్తుందే గానీ కమీషన్ తగాదాలు తీర్చదు.

అందుకే కాగితాలు మొదటినుంచీ చదివాను. మన ఒప్పందం ఏజెంటుతో కాదు, ఆయన పనిచేసే బ్రోకరేజీతో. దాన్నుంచి మనల్ని విడుదల చేయాల్సింది బ్రోకరే. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ‘విత్‌డ్రా చేసేద్దాం చెల్లెమ్మా’ అన్నారు అన్నయ్య. విత్‌డ్రా చేస్తే ఇల్లు ఎంఎల్ఎస్‌లో, అంటే ఏజెంట్లందరూ చూసే అమ్మకపు ఇళ్ల జాబితాలో, కనిపించదు, అంతే. ఒప్పందం బతికే ఉంటుంది, ఇంకొకరికి లిస్టింగ్ ఇవ్వలేం. మనకు కావలసింది టర్మినేషన్, అదీ ఇరువైపులా సంతకాలతో.

ఆ తర్వాత కూడా ప్రొటెక్షన్ పీరియడ్ అని ఒకటుంటుంది. లిస్టింగ్ నడిచిన రోజుల్లో ఇల్లు చూసినవాళ్లు ఆ వ్యవధిలో కొంటే పాత బ్రోకర్‌కే కమీషన్. ఒక గుంటూరు కుటుంబం మా ఇల్లు చూసి, ఆషాఢం వెళ్లాక మాట్లాడదామంది. రేపు వాళ్లే కొంటే రెండు చోట్ల కమీషన్ కట్టాల్సి వస్తుందేమోనని నాకు నిద్రపట్టలేదు. కొత్త బ్రోకర్‌కు ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తే ఆ నిబంధన వర్తించదని మా ఒప్పందంలోనే ఉంది. అయినా ఆ మాటను టర్మినేషన్ కాగితంలో మళ్లీ రాయించుకున్నాను. ఎవరెవరి పేర్లకు రక్షణ కోరుతున్నారో జాబితా కూడా అడిగాను.

మెయిల్ పంపేముందు అన్నయ్యకు ఫోన్ చేశాను. వేరేవాళ్ల నోట వినడం ఆయనకు అవమానం. ఆయన నొచ్చుకున్నారు, కాసేపు మాట్లాడలేదు. నేను ఎవరినీ నిందించలేదు. మాకు తొందరుందని, ఇల్లు ఇంకోలా చూపించాలనుకుంటున్నామని చెప్పాను. అదే సాయంత్రం బ్రోకర్‌కు రాశాను. ఫోటోలకు, బోర్డుకు అయిన ఖర్చు ఇమ్మన్నారు, ఇచ్చాం. ఇల్లు అమ్ముడైతే తప్ప డాలర్ రాని పని రియల్టర్‌ది. ఆ వారాంతాలన్నీ అన్నయ్య తన పిల్లల్ని వదిలి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. ఆ ఖర్చు దగ్గర బేరమాడటం నాకు న్యాయమనిపించలేదు.

టెక్సస్‌లో లిస్టింగ్ ఒప్పందానికి కచ్చితమైన ముగింపు తేదీ ఉండి తీరాలి. ఫ్లోరిడాలో మొదలైన ఒక సంస్థ కొన్ని వందల డాలర్లు ముందే చేతిలో పెట్టి, ఇంటిని అమ్మే హక్కు 40 ఏళ్లపాటు తమదేనని రాయించుకుంది. పలు రాష్ట్రాల అటార్నీ జనరళ్లు దానిమీద కోర్టుకెళ్లారు. చేతిలో డబ్బు లేని సమయంలో సంతకం పెట్టిన పెద్దవాళ్ల గురించి చదివితే కడుపు తరుక్కుపోయింది. తేదీ దగ్గర ఎవరూ మొహమాటపడకూడదు.

కొత్త రియల్టర్‌తో మూడు నెలలకే రాసుకున్నాం. 2024 ఆగస్టు 17 నుంచి, కొనేవారి ఏజెంటుకు ఇచ్చే మొత్తాన్ని ఎంఎల్ఎస్‌లో చూపడం లేదు. దాన్ని విడిగా, అంకెలతో రాయించాను. వారం ముందు రాతపూర్వకంగా చెప్పి, అయిన ఖర్చు మాత్రమే ఇచ్చి తప్పుకోవచ్చన్న వాక్యం కూడా చేర్చమన్నాను. ఆవిడ మారుమాట లేకుండా చేర్చారు. ఇప్పుడు ప్లేనోలో ఇల్లు అమ్మబోతున్న మా పిన్ని కొడుక్కి ధర గురించి మాట్లాడకముందే ఆ వాక్యం చూపించాను.