జింకల లెక్క

2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, కొండల నడుమనున్న ఒక పల్లె సంఘాన్ని దర్శించే భాగ్యం నాకు కలిగింది. నన్ను చేర్చుకొన్న పెద్దాయన మొక్కజొన్న రైతు. పొద్దు వాలితే తెల్లతోక జింకలు మందలుగా ఆయన చేలో దిగేవి. అడవిపందుల బాధ ఎరిగిన ఊరివాణ్ణి గనుక ఆయన కష్టం నాకు వెంటనే అర్థమైంది.

"ఎవరు పడితే వారు వేటాడవచ్చునా?" అని అడిగాను. ఆయన గోడమీది పటం చూపించాడు. రాష్ట్రమంతా ఇరవైకి పైగా విభాగాలు. 2ఎ, 4బి అని వాటి పేర్లు. రోడ్లూ నదులే ఎల్లలు. ఆడ జింకను కాల్చాలంటే ఆ విభాగానికి వేరుగా లైసెన్సు ఉండాలి. దేనికి ఎన్ని ఇవ్వాలో ఏటేటా గేమ్ కమిషన్‌వారు నిర్ణయిస్తారు.

1895లో ఆ కమిషన్ ఏర్పడేనాటికి అక్కడ జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. బయటి రాష్ట్రాలనుండి తెచ్చి విడిచారు. 1907లో ఆడ జింకను చంపరాదని చట్టం చేశారు. మందలు పెరిగాయి. అడవిలో లేత మొక్క బ్రతకని స్థితి వచ్చింది. ఒక్కొక్క ప్రాంతపు అడవినీ మందనూ బట్టి లెక్క కట్టడానికే 2003లో ఈ విభాగాలు పెట్టారు.

"ఆడ జింకను కాల్చడం పాపమని మా నాయన నేర్పాడు. చాలాకాలం నేను కాల్చలేదు" అన్నాడాయన. తర్వాత నన్ను అడవికి తీసుకువెళ్లాడు. అక్కడ కొంత నేలకు ఎత్తయిన కంచె వేసి ఉంది. లోపల చిన్న చెట్లు గుబురుగా ఉన్నాయి. బయట నేల బోసిగా ఉంది. ఆయన ఇంకేమీ చెప్పలేదు.

ఆదివారం ఆరాధనలో చాలా బల్లలు ఖాళీ. ఆదివారం జింకల వేట ఎంతోకాలం నిషిద్ధం. 2019 నాటి చట్టం మూడు ఆదివారాలకు అనుమతినిచ్చింది. 2025లో ఆ నిషేధాన్నే తొలగించారు. పెద్దాయన మనసు నొచ్చుకొంది. సాయంకాలం నారింజరంగు కోటుతో ఒక యౌవనస్థుడు కుమారునితో వచ్చాడు. "వారమంతా ఫ్యాక్టరీ పని అయ్యా, బిడ్డతో గడిపేది ఈ ఒక్క రోజే" అన్నాడు. తాను కొట్టిన ఆడ జింక మాంసాన్ని పేద కుటుంబాలకు ఇచ్చివేశాడట. 1991 నుండి వేటగాళ్లు అలా ఇచ్చే ఏర్పాటు ఆ రాష్ట్రంలో ఉంది.

పెద్దాయన అతన్ని మందలించలేదు. కుర్చీ జరిపి, భోజనానికి కూర్చోమన్నాడు.

కనికరం మంచిదే. అయితే కంచె అవతలి మొక్కను కూడా అది చూడాలని నేను ఆ కొండల్లో నేర్చుకొన్నాను.