ఫార్మాట్ కొట్టకముందు

మాది కొండ. పెదబయలు అవతల సామలూ కొర్రలూ పండే చిన్న ఊరు. ఇంట్లో మాట్లాడేది కువి. ఉద్యోగం మమ్మల్ని తెచ్చి సముద్రం ఒడ్డున, పూడిమడకలో పెట్టింది. పిల్లలు మొదట్లో మమ్మల్ని 'కొండ మాస్టారు' అనేవారు. ఇప్పుడు 'కంప్యూటర్ మాస్టారు' అంటున్నారు. మేము కంప్యూటర్ చదువు చదవలేదు. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా ఒక్కటే మా చదువు. అయినా ఆ పేరు ఎలా వచ్చిందో మన పిల్లలకీ, మనలాంటి మాస్టార్లకీ చెబుదామని ఇది రాస్తున్నాం.

డిప్లొమా చేసిన రోజుల్లో కంప్యూటర్ గది ఉండేది. తాళం ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. మీద గుడ్డ కప్పి ఉండేది. కొండ నుంచి వచ్చిన నలుగురం వెనక బెంచీలో కూర్చుని, ముందువాళ్ల భుజాల మీదుగా తెర చూసేవాళ్లం. "ముట్టుకుంటే పాడైపోద్ది" అన్నమాట ఆ ఏడాది నేర్చుకున్న కంప్యూటర్ పాఠం. ఆ భయం పోవడానికి మాకు పదిహేనేళ్లు పట్టింది. పోగొట్టింది కూడా ఏ శిక్షణా కాదు, ఎనిమిదో తరగతి చదివే ఒక మత్స్యకారుల అబ్బాయి.

మా బడిలో పాత కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. ర్యామ్ రెండేసి జీబీలే. కొత్త విండోస్ వాటికి మొయ్యలేని బరువు. తెలిసినవాళ్ల సాయంతో లుబుంటు అనే తేలిక లినక్స్ ఎక్కించాం. బాగానే నడిచాయి. శ్రావణంలో ఒక ఉదయం ఒక యంత్రం తెర వెలగలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, కీచుమని చిన్న చిన్న కూతలు పెడుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. లినక్స్ పాడైందన్నారు తోటి మాస్టారు. మేమూ అదే అనుకున్నాం.

పక్క మూత తీసి చూస్తుంటే ఆ అబ్బాయి తల దూర్చాడు. "మాస్టారూ, ఇది ఉప్పు పట్టేసినాది. మా అయ్య బోటు బ్యాటరీ క్లిప్పులు కూడా ఇలాగే అయిపోతాయి. గీకి పెడితే అందుకుంటాది" అన్నాడు. వాడు చూపించింది ర్యామ్ పలక. దాని అంచున ఉన్న పసుపు గీతలు మసకబారి ఉన్నాయి. కొండ మీద ఇనుముని తినేది వాన, పొగ. ఇక్కడ తినేది ఉప్పుగాలి. తలుపు గడియనీ, సైకిలు గొలుసునీ తిన్నది ర్యామ్‌ని ఎందుకు వదులుతుంది?

కరెంటు తీగ పూర్తిగా పీకేశాం. ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు పలకను పాడుచేయకుండా ముందు ఇనప డబ్బాను చేత్తో తాకాం. పలకను తీసి, పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో ఆ గీతలను మెల్లగా రుద్దాం. పొట్టు దులిపి, మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, 'టక్' అని వినబడేదాకా నొక్కి పెట్టాం. తెర వెలిగింది. పిల్లలు వల నిండా చేప పడ్డట్టు కేకలు పెట్టారు.

ఆ రోజు మాకు అర్థమైన సంగతి ఇది. తెర మీద ఏ అక్షరమూ రాకముందే యంత్రం ఆగిపోతే తప్పు లినక్స్‌ది కాదు, ఎందుకంటే లినక్స్ ఇంకా లేవనే లేదు. యంత్రం ముందు తన ఒంటిని తాను తడుముకుంటుంది. ర్యామ్ దొరక్కపోతే కూతలు పెట్టి చెబుతుంది. అంతా బాగుంటేనే డిస్కు దగ్గరకు వెళ్లి లినక్స్‌ని లేపుతుంది. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. జ్వరం వచ్చిన పిల్లాణ్ని మన పెద్దలు ముందు ఏమడుగుతారు? ఎప్పటినుంచి, ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని కదా. ఇదీ అంతే.

తరవాత ఒక నోటు పుస్తకం పెట్టాం. ఏ యంత్రం, ఏ రోజు, ఏం కనిపించింది, ఏం చేశాం, ఏమైంది అన్న అయిదు గడులు గీశాం. తెర మీద ఇంగ్లీషు మాట ఏదైనా వస్తే, అర్థం కాకపోయినా సరే, బల్ల మీద రాత దించుకున్నట్టు అక్షరం అక్షరం దించుకోవాలి. ఇది పిల్లల పని.

ఆ పుస్తకంలోంచి రెండు సంగతులు చెబుతాం.

ఒక యంత్రంలో నెట్ పనిచేయడం లేదన్నారు. ఏ పేజీ తెరిచినా 'ఈ సైటు నమ్మదగినది కాదు' అనే హెచ్చరిక వస్తోంది. తీగలు చూశాం, రూటర్ చూశాం. అన్నీ బాగున్నాయి. చివరికి ఒక అమ్మాయి తెర మూలనున్న తేదీ చదివింది. ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటో తారీఖు అది. సైట్లకు ఉండే గుర్తింపు పత్రాలకు ఫలానా రోజునుంచి ఫలానా రోజుదాకా అని గడువు ఉంటుంది. యంత్రం తేదీ తప్పైతే ఆ పత్రాలు దానికి దొంగవిగా కనిపిస్తాయి. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత బ్యాటరీ లోపల ఉంటుంది. సీఆర్ 2032 అంటే ఏ వాచీల దుకాణంలోనైనా ఇస్తారు. అది 3 వోల్టులు ఇవ్వాలి. మాది ఎప్పుడో చచ్చిపోయింది. అది మార్చి, తేదీ సరిచేశాం. నెట్ వచ్చింది.

రెండోది. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్కసారి మెరిసి, మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. ఎవరో మార్చేశారని పిల్లలు ఒకరినొకరు అనుమానించుకున్నారు, చిన్న గొడవ కూడా అయింది. పాస్‌వర్డ్ తప్పైతే తప్పని చెబుతుంది కదా, ఇది అలా చెప్పడం లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మీటలు కలిపి నొక్కితే బొమ్మలు లేని నల్ల తెర వస్తుంది. అక్కడ అదే పాస్‌వర్డ్ పనిచేసింది. డీఎఫ్ అనే ఆజ్ఞ ఇస్తే డిస్కు నూటికి నూరు పాళ్లూ నిండిపోయిందని చెప్పింది. లోపలికి వెళ్లాక చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవడానికి కూడా చోటు లేక వెనక్కి తోసేస్తోంది. చెత్తబుట్టలో సినిమాలున్నాయి. ఖాళీ చేశాం. అనుమానించుకున్న ఇద్దరూ మళ్లీ ఒకే బెంచీలో కూర్చున్నారు.

ఇక అసలు సంగతి.

మా అమ్మ పోయి రెండేళ్లు దాటింది. పోకముందు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె చెప్పే కథలూ, అడవి గడ్డల పేర్లూ, విత్తనాల పేర్లూ ఫోనులో పట్టుకునేవాళ్లం. కువికి మేము తెలుగు లిపి వాడతాం. తీరిక దొరికినప్పుడు వాటిని కంప్యూటర్‌లో రాసేవాళ్లం. గొంతులూ, రాతలూ కలిపి 61 ఫైళ్లు. అన్నీ ఇంట్లో ఉన్న ఒక పాత యంత్రంలోనే ఉన్నాయి. ఫోను మారినప్పుడు ఫోనులోవి పోయాయి. ఇంకో నకలు తీసుకోవాలని తోచలేదు. బడిలో పిల్లలకు చెప్పే మాట ఇంట్లో పాటించలేదు.

ఒక రాత్రి కరెంటు నాలుగైదుసార్లు వచ్చిపోయింది. తెల్లారి యంత్రం లినక్స్ బొమ్మ దాకా కూడా రాలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, డిస్కు చదవలేకపోతున్నానని మళ్లీ మళ్లీ అదే వరస. లోపల 'టిక్ టిక్' మని చప్పుడు. పట్నంలో ఒక దుకాణానికి పట్టుకెళ్లాం. ఆ కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ కొట్టేస్తాను మాస్టారూ, సాయంత్రానికి తీసుకెళ్లండి" అన్నాడు. లోపల ఏముందని అడగలేదు. అతని తప్పు కూడా కాదు, రోజుకి ఇరవై యంత్రాలు అలాగే బాగుచేస్తాడు. యంత్రం బాగుపడుతుంది. అమ్మ పోతుంది.

మేము యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాం.

లినక్స్‌లో ఒక మంచి గుణం ఉంది. డిస్కుని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదనుంచే మొత్తం లేస్తుంది. బడిలోని యంత్రంలో అలాంటి పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని ఇంట్లో యంత్రాన్ని లేపాం. డిస్కు ఆరోగ్యం చూపించే పనిముట్టు తెరిస్తే, చెడిపోయిన గడుల లెక్క పెరుగుతోందని చెప్పింది. కరెంటు పోయినప్పుడు ఫైళ్ల అమరిక చెదిరితే ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆజ్ఞతో సర్దుకోవచ్చు. నోటు పుస్తకంలో అది మూడుసార్లు రాసి ఉంది. కాని డిస్కే చస్తున్నప్పుడు ఆ పని చేయకూడదు. చావుబతుకుల్లో ఉన్నవాడి చేత ఇల్లు సర్దించినట్టు అవుతుంది. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు నకలు తీసుకోవాలి.

దానికి డీడీరెస్క్యూ అనే ఉచిత పనిముట్టు ఉంది. ఫోను నెట్‌ని తీగతో యంత్రానికి ఇచ్చి దాన్ని దించుకున్నాం. పాత డిస్కు 320 జీబీ. దానికన్నా పెద్ద బయటి డిస్కు ఒకటి తోటి మాస్టారి దగ్గర అడిగి తెచ్చాం. ఇది ముందు బాగున్న చోట్లన్నీ వేగంగా చదివి దాచేస్తుంది. చెడ్డ చోట్ల దగ్గర మొండికేయకుండా దాటిపోయి, చివరన వెనక్కి వచ్చి ఒక్కొక్కటీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిన్న పటం రాసుకుంటుంది. ఆ పటాన్ని కూడా బయటి డిస్కులోనే పెట్టాం. మంచిపని చేశాం. అర్ధరాత్రి మళ్లీ కరెంటు పోయింది. వచ్చాక పెన్‌డ్రైవ్‌తో లేపి, పనిముట్టు మళ్లీ దించుకుని, అదే ఆజ్ఞ ఇచ్చాం. పటం చూసుకుని ఆగిన చోటినుంచే అందుకుంది. మర్నాడు సాయంత్రానికి పూర్తయింది. అప్పుడు పాత డిస్కుని పక్కన పెట్టి, నకలు మీదే సర్దుడు పని చేశాం.

61లో 57 దక్కాయి. మొదట తెరిచింది గడ్డల పేర్ల ఫైలు. అమ్మ గొంతు, వెనక కోడి కూత, "ఇది రాసుకున్నావా?" అని మధ్యలో అడగడం. మా ఇంటావిడ వంట ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

పోయిన నాలుగింటిలో ఒకటి పులి కథ. దసరా సెలవులకు వెళ్లి చిన్నమ్మను అడిగాం. ఆమె చెప్పింది. కాని ఆమె కథలో పులి లేదు, ఎలుగుబంటి ఉంది. అమ్మ తప్పు చెప్పిందా, చిన్నమ్మ మరిచిపోయిందా అని అడిగితే, "మీ అమ్మది మీ అమ్మది, నాది నాది" అంది. అది రాసుకున్నాం. అమ్మ పులి మాత్రం తిరిగి రాలేదు. పనిముట్టు ఎంత మంచిదైనా నకలు లేకపోవడం అనే జబ్బుకి పూర్తి మందు లేదు.

ఈ పనిముట్లన్నీ మాకు ఎవరిచ్చారు? 1980 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన పనిచేసే ప్రయోగశాలకు కొత్త ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే, ఇరుక్కున్నప్పుడు అందరికీ కబురు వెళ్లేలా ఆయనే ప్రోగ్రాం సవరించాడు. కొత్తదాని ప్రోగ్రాం మూలం అడిగితే ఇవ్వలేదు. బాగుచేసుకునే హక్కు లేని వస్తువు మనదెలా అవుతుందన్న ప్రశ్న ఆయనలో బలపడడానికి అదొక కారణం. 1983లో ఆయన గ్నూ పని ప్రకటించాడు. డీడీరెస్క్యూ ఆ గ్నూ కుటుంబంలోదే. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. అదే ఏడాది తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దక్కింది. మన దగ్గర స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్స్‌కి తెలుగు నేర్పారు. వీళ్లెవరూ మా అమ్మను ఎరగరు. అయినా వాళ్లు దాచుకోకుండా పంచిన పని ఆమె గొంతును నిలిపింది. మన ఊళ్లలో విత్తనం అడిగితే లేదనరు కదా, అలాంటి పద్ధతే ఇది.

ఈ ఒడ్డున 2025 జనవరి 8న హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. "మాకు ఉద్యోగాలు వస్తాయా మాస్టారూ?" అని పిల్లలు అడుగుతున్నారు. వస్తాయో రావో మేము చెప్పలేం. ఆగిపోయిన యంత్రం ముందు కూర్చుని, భయపడకుండా, ఎక్కడ ఆగిందో వెతకగలిగే పిల్లలు ఎక్కడైనా నిలబడతారని మాత్రం చెబుతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బడిలో మూలపడిన యంత్రం ఉంటే ముందు దుమ్ము దులపండి. తీగ పీకి, మూత తీయండి. కరెంటు వచ్చే ఇనప పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి, తీగ పీకినా దానిలో ప్రాణం తీసే కరెంటు నిలవ ఉంటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అన్నీ రాసుకోండి. ఎవరైనా ఫార్మాట్ అంటే, లోపల ఏముందని ముందు మీరు అడగండి.

మా ఇంట్లో ఇప్పుడు అమ్మ కథలు మూడు చోట్ల ఉన్నాయి. ఇంట్లో ఒక డిస్కులో, ఊళ్లో తమ్ముడి ఫోనులో, అచ్చు తీసిన కాగితాల మీద. కాగితాలు చిన్నమ్మ దగ్గర ఉన్నాయి. ఆమెకు చదవడం రాదు. మనవరాలి చేత చదివించుకుని, తప్పులు దిద్దిస్తోంది.